తడి కాళ్ళ ఊరు

కొత్తపల్లెలో తెల్లారిందంటే ఆడవాళ్ళు ముందుగా గడపల దగ్గరి గోనె పట్టాలు పిండి దండెం మీద ఆరేస్తారు. వాకిలి ఊడవడం, పొయ్యి రాజేయడం ఆ తర్వాతే. గోదావరి మీద ఆనకట్ట లేచినప్పుడు ఊరు మునిగి, బోధన్ చెరుకు తోటల మధ్యకు వచ్చి కుదురుకున్న జనం వాళ్ళు. పాత ఊళ్ళో పుట్టినవాళ్ళ కాళ్ళు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఎండాకాలం పాదాల వరకే. అక్కడ ఆనకట్టలో నీళ్ళు నిండితే ఇక్కడ పిక్కల దాకా. చెరుకు మిల్లుల్లో వీళ్ళకు బండ్లు దించే పని ఇస్తారు గాని, చక్కెర చెమ్మగిల్లుతుందని బస్తాల గోదాములోకి రానివ్వరు. ఎవరి సరుకు వాళ్ళు కాపాడుకోవాలి కదా అని వీళ్ళూ ఏమీ అనుకోరు.

కాలేజీలకు సేవా పథకం కొత్తగా వచ్చిన రోజుల్లో, చెరుకు కొట్టుడు జోరుగా సాగుతుండగా, హైదరాబాదు నుంచి ఒక లారీ నిండా ఇంజనీరింగు విద్యార్థులు ఆ ఊళ్ళో దిగారు. వాళ్ళను తీసుకొచ్చింది హనోకు అనే సివిల్ లెక్చరర్. సన్నగా, నీటుగా, పాలిష్ బూట్లతో ఉండే మనిషి. కొన్నాళ్ళుగా ఆయన మేజోళ్ళు ఊరికే చెమరుస్తున్నాయి. తోలు మంచిది కాదని చెప్పుల దుకాణం వాడితో రెండుసార్లు పోట్లాడాడు కూడా. బడి వరండాలో మేజోళ్ళు ఆరేసి, ఊరి ముందు నిలబడి, "మీకు సేవ చేయడానికి వచ్చాం" అన్నాడు. ఒక్కరూ నవ్వలేదు. ఊరికే సేవ చేసేవాణ్ణి ఆ ఊరు అంతవరకు చూడలేదు.

నిజానికి ఆ ఊరికి కావలసిన పనే అది. ఊరికీ రుద్రూర్ రోడ్డుకూ మధ్య ఒక ఒర్రె ఉంది, వానల్లో పొంగే చిన్న వాగు. పోయిన వానల్లో నర్సవ్వ పెద్దకోడలు నొప్పులు పడుతూ బండిలోనే, ఆ ఒర్రె గట్టు మీదే ప్రాణం విడిచింది. ఇప్పుడు చిన్నకోడలు గంగమణికి ఐదో నెల. మళ్ళీ వానల్లోనే కాన్పు. ఒర్రె మీద మోరి కోసం, అంటే కల్వర్టు కోసం, ఊరంతా తిరగని ఆఫీసు లేదు. తీరా కట్టేవాళ్ళు వచ్చి నిలబడితే ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు.

విద్యార్థులు లారీలోంచి ఎరుపు తెలుపు పట్టీల సర్వే కర్రలు దించగానే ఇళ్ళ తలుపులు టపటపా మూసుకున్నాయి. ఊరి పెద్ద పోశన్న మాత్రం కర్ర ఊతంతో నింపాదిగా వచ్చాడు.

"సారూ, గా కర్రలు మళ్ల లారీల పెట్టుండ్రి."

"కొలతలు తీయకుండా మోరి ఎట్లా కడతాం పెద్దయ్యా?"

"మా పాతూర్ల గుడ గట్లనే అన్నరు. రోడ్డేస్తం, కొలుస్తున్నం అన్నరు. కర్రలు పాతిన వారానికే మా కాళ్లు తడిసినయ్. నడి ఎండకాలం, తాగెటందుకు నీళ్లు లెవ్వు. నవ్వుకున్నం. గా ఎన్కనే నీళ్లొచ్చినయ్."

పోశన్న వెళ్ళిన చోట పొడి మట్టిలో తడి అడుగులు మిగిలాయి.

అయినా హనోకు ఒర్రె గట్టున గూటాలు కొట్టించాడు. మర్నాడు పొద్దున్నే వెళ్తే ఒక్కటీ లేదు. ఊళ్ళో ఎవర్నడిగినా అమాయకంగా ఆకాశం వైపు చూశారు. నర్సవ్వ పొయ్యిలో మాత్రం, చివర ఎర్ర రంగు పూసిన గూటం ఒకటి చక్కగా మండుతోంది.

"సలి సారూ," అంది నర్సవ్వ, కన్నార్పకుండా.

హనోకుకు ఒళ్ళు మండిపోయింది. వీళ్ళకు మేలు చేయబోతే మనల్ని దొంగల్లా చూస్తారేమిటని విద్యార్థుల దగ్గర ఎగిరిపడ్డాడు. ఆఖరుకు పోశన్నే ఒక దారి చెప్పాడు. గంగమణి బోధన్ పక్క ఊరి పిల్ల. ఆమె కాళ్ళు పొడివి. ఈ నేలకు నీళ్ళు వచ్చేదే ఉంటే ముందు ఆమె కాళ్ళే తడుస్తాయి.

"రోజు పొద్దుగాల సూస్తం. పొడిగున్నన్ని దినాలు మీ పని మీరు చేసుకోండ్రి. తడిసిన్నాడు మాట్లాడకుండ లారీ ఎక్కుండ్రి."

అలా పని మొదలైంది. రోజూ తెల్లారగానే నర్సవ్వ తన వాకిట్లో పొయ్యి బూడిద పల్చగా చల్లేది. గంగమణి సిగ్గుపడుతూ దాని మీద నడిచేది. ఊరంతా వంగి చూసేది. హనోకు కూడా వంగేవాడు. ఎవరైనా కావాలని నీళ్ళు చల్లుతారేమోనని రాజారాం అనే విద్యార్థిని అక్కడ కాపలా పెట్టాడు. ఊరు రాజారాం మీద ఒక ముసలమ్మను కాపలా పెట్టింది. బూడిద మాత్రం పొడిగానే ఉండేది. ఒర్రెలో పునాది లేచింది, పెద్ద సిమెంటు పైపులు దిగాయి. ఊరివాళ్ళు గట్టు మీద కూర్చుని చూశారే తప్ప ఒక తట్ట కూడా ఎత్తలేదు.

ఒకరోజు పొద్దున హనోకు ఆలస్యంగా లేచి, కంగారుగా వచ్చి, చూసుకోకుండా బూడిదలో కాలు పెట్టాడు. గంగమణి అప్పటికే నడిచి పక్కన నిలబడి ఉంది. ఆమె అడుగులు తెల్లగా, పొడిగా ఉన్నాయి. వాటి పక్కనే బూట్ల అడుగులు, నల్లగా, తడిసి ముద్దయి ఉన్నాయి. బూట్ల కుట్లలోంచి నీళ్ళు ఊరుతున్నాయి.

ఊరంతా ఇంకా కిందికి వంగింది.

"నా బూట్లలో నీళ్ళు ఎవరు పోశారు?" హనోకు గొంతు లేచింది. పోశన్న వైపే చూశాడు. అక్కడే కూర్చుని బూట్లు విప్పాడు. కాళ్ళు తుడుచుకుని రాజారాం చెప్పులు తొడుక్కున్నాడు. అవీ తడిశాయి. వట్టి కాళ్ళతో నడిచాడు. బూడిద మళ్ళీ నల్లబడింది. కాలు ఎత్తి చూసుకుంటే వేళ్ళ సందుల్లో సన్నటి ఒండ్రు ఉంది. ఆ వాసన ఆయనకు పసితనం నుంచీ తెలుసు.

"సారూ, మీదేవూరు?" పోశన్న మెల్లగా అడిగాడు.

"హైదరాబాదు."

"పుట్టిందీ?"

హనోకు వేళ్ళ సందుల్లోని ఒండ్రు తుడుచుకున్నాడు. "ముప్కాల్ పక్కపల్లె."

"గాడ ఎవరున్నరు?"

"మా అవ్వ."

ఈ మాట ఆయన ఎక్కడా చెప్పడు. గోదావరి ఒడ్డువాడినంటే జనం సవాలక్ష అడుగుతారని భయం. ఆనకట్ట ఇంకా పైకి లేస్తోందని నిరుడు చుట్టుపక్కల వాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళు ఖాళీ చేస్తుంటే తల్లి యేసమ్మ, "మనం గుడ పోవాల్నా కొడుకా?" అని అడిగింది. ఆయన ఒక ఆఫీసులో నక్షా చూసి వచ్చి, మనిల్లు ముంపు గీతకు చాలా పైన ఉంది, భయం లేదు అన్నాడు. చదువుకున్న కొడుకు మాట. యేసమ్మ ఇంటికి కొత్త పెంకులు కూడా వేయించింది.

"మునగదు," అన్నాడు హనోకు. "గీత మా ఇంటికి శాన కిందున్నది. నేను నక్షా చూసిన." పట్నపు మాట ఎప్పుడు జారిపోయిందో ఆయనకే తెలియదు.

"మేం గుడ సూసినం బిడ్డా," అన్నాడు పోశన్న. 'సారు' అనలేదు.

నర్సవ్వ దండెం మీది గోనె పట్టా తెచ్చి ఆయన కాళ్ళ ముందు పరిచింది. "తుడుసుకో. ఇగ ఆరవు. గని తుడుసుకోవాలె." హనోకుకు ఏడుపొచ్చింది. అందరి ముందూ కాళ్ళు తుడుచుకుంటూనే ఏడ్చాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఊరంతా తట్టలు, పారలు పట్టుకుని ఒర్రెకు దిగింది. "కాళ్లు తడిసినోడు మనల ముంచి ఏం బాగుపడ్తడు?" అన్నాడు పోశన్న, అక్కడికీ అనుమానం వదలని ఒకరిద్దరితో. ఊరి అనుమానం తీరింది గాని హనోకుది అప్పుడే మొదలైంది. సిమెంటు పాళ్ళు, పైపుల వాలు, తను వేసిన ప్రతి లెక్కనూ మళ్ళీ వేసుకున్నాడు. పారిపోయి తల్లి దగ్గర వాలాలని ఉంది. కానీ నీళ్ళు రావాలంటే వానలు పడాలి, వానలు పడేలోగా గంగమణికి దారి పడాలి. పనయ్యేదాకా ఉన్నాడు. కల్వర్టు మీద చెరుకు బండి దొర్లించి చూసి, విద్యార్థులను లారీ ఎక్కించి, తను తల్లి దగ్గరికి పోవడానికి నిజామాబాదు బస్సెక్కాడు.

యేసమ్మ వాకిట్లో కంది బేడలు చెరుగుతోంది. కొడుకును చూసి మొహం వెలిగినా, లేచి ఎదురు రాలేదు. చీర అంచు కాళ్ళ మీదికి లాక్కుని కూర్చునే ఉంది.

ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాడు. ఒక్క మాటా గుర్తు రాలేదు. గడప దగ్గర బూట్లు విప్పి, అలికిన నేల మీద వట్టి కాళ్ళతో లోపలికి నడిచాడు. వెనక్కి తిరిగి తన తడి అడుగుల వైపు చూపించబోయాడు.

నేల మీద ఇంకో వరస అడుగులున్నాయి. పొయ్యి నుంచి మంచం దాకా, మంచం నుంచి గడప దాకా. చిన్నవి, ఆడమనిషివి. మంచం కింద మడిచి దాచిన గోనె పట్టాలు.

"అవ్వా, ఎన్నడు తడిసినయ్?"

యేసమ్మ చేట ఆపలేదు. "నిరుడే. నువ్వు నక్షా సూసొచ్చిన నాడే."

"మరి నాకెందుకు చెప్పలె?"

"మునగదంటివి గద కొడుకా. ఊరోళ్లు అడిగితె బిందె ఒలికిందన్న. నీ మాట అబద్ధం చేస్తనా నేను?"

హనోకు ఆమె పక్కన నేల మీద కూలబడ్డాడు. ఆమె చేట ఒళ్ళో దించుకుని ఒక చేత్తో అతని తల నిమిరింది, రెండో చేత్తో లోపలి గోడ మీది యేసు పటం వైపు చూపించి, ఇల్లు విడిచేటప్పుడు అది ముందు దించమంది. పట్నం మాత్రం రానంది, అక్కడ అందరూ తన కాళ్ళకేసి చూస్తారట. అతను కొత్తపల్లె గురించి చెప్పాడు. గోనె పట్టాలు ఆరేసే దండేల గురించి, నర్సవ్వ గురించి చెప్పాడు. ఆమె విన్నంతసేపు విని, చేట పక్కన పెట్టింది.

"గా ఊర్లెకు బండి పోతదా?"

"పోతదవ్వా. మోరి కట్టినం."