మా బావ చదివిన కథ

నేను రాసిన కథని అందరికంటే ముందు చదివే మనిషి మా ధర్మేంద్ర బావ. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పద్ధతి. మా మేనత్త కొడుకు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, విజయనగరంలో తెలుగు మాస్టారు. సముద్రం ఒడ్డున మా ఊళ్ళో మావి ఎదురెదురు ఇళ్ళు. ఉద్యోగాలొచ్చాక ఇద్దరం చీపురుపల్లిలోనే ఎవరి కాపురం వాళ్ళం పెట్టుకున్నాం. పొద్దున ఇద్దరం పాసింజరులో విజయనగరం ఉద్యోగాలకి వెళ్తుంటే నా కథని అతను పైకి చదివేవాడు. గరివిడి దాటేసరికి పక్క సీట్ల వాళ్ళు కూడా మాటలాపి వినేవాళ్ళు. అతని నాలుక ఎక్కడ తడబడితే అక్కడ నేను పెన్సిలుతో గీత పెట్టుకునేదాన్ని. కథ బాగుందని బావ ఒక్కసారీ అనలేదు. "ఇక్కడ సూడు, నీకే తెలీకండా రాసినావు" అనేవాడు, అంతే. నాకు వారం రోజులు ఒళ్ళు మండిపోయేది. తర్వాత నోరు మూసుకుని ఆ పేరా కొట్టేసేదాన్ని.

రెండేళ్ళ కిందట అతను విజయనగరంలోనే ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయాడు. రైల్లో చదవడం ఆగిపోయింది. "ఫోన్లో పంపీయే, సదివి రాసి పెడతాను" అన్నాడు. పంపిన గంటకల్లా రిపోర్టు వచ్చేది, మూడేసి పేజీలు! పాత్రల మానసిక సంఘర్షణ, ప్రతీకలు, కథనంలో బిగువు, ఇంకా ఏమేమో. బతుకులో ఒక్క మెచ్చుకోలు ఎరగనిదాన్ని, పొంగిపోయాను. ఇన్నాళ్ళకి మా బావకి నా విలువ తెలిసొచ్చిందనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రిపోర్టులన్నీ ప్రింటు తీయించి ఫైల్లో పెట్టుకున్నాను.

ఈ ఏడాది మా లక్ష్మణమ్మ పెద్దమ్మ కథ రాశాను. ముప్పై ఏళ్ళ నాటి సంగతి. గాలి మారిన రోజున మా గంగులు పెదనాన్న తెప్ప తోసుకుని వేటకి బయల్దేరాడు. మాలో ఒక పట్టింపు ఉంది. వేటకని నీళ్ళలో కాలు పెట్టిన మనిషిని ఎవరూ వెనక్కి పిలవరు. పిలిస్తే ఆ మనిషి మరి తిరిగి రాడని నమ్మకం. మబ్బు చూసి పెద్దమ్మ భయపడింది. పిలుపు నోటిదాకా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది. పెదనాన్న రాలేదు. పిలిచి ఉంటే ఆగేవాడేమో అని ఆవిడ ఇప్పటికీ కుమిలిపోతుంది. ఆ మాట నాకొక్కదానికే చెప్పుకుంది. "పేరు మార్సీ. గానీ జరిగింది జరిగినట్టు రాయి" అంది. అలాగే రాసి బావకి పంపాను.

రిపోర్టు వచ్చింది. 'ముగింపు బలహీనంగా ఉంది. కథానాయిక మౌనం ఆమెను నిస్సహాయురాలిగా చూపిస్తోంది. ఆమె ఒడ్డున నిలబడి భర్తను గొంతెత్తి పిలవాలి. అతను వినకుండా సాగిపోవాలి. అప్పుడే పాఠకుడి గుండె కరుగుతుంది.'

ఇంకెవరైనా ఆ మాట అంటే ఉతికి ఆరేసేదాన్ని. అన్నది బావ. పోయినాయన అతనికి సొంత మేనమామ. ఆ రోజు ఒడ్డున నేను నిలబడింది ఈ బావ చెయ్యి పట్టుకునే. అన్నీ ఎరిగినవాడు అంటున్నాడంటే ఏదో పెద్ద ఆలోచనే ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అయినా మనసొప్పక ఫోన్ చేశాను.

"బావా, పిలిచినట్టే రాయమంటావా?"

"రాసి పంపినాను గదే, అలగే సేసీ" అన్నాడు.

అలాగే చేశాను. కథ ఒక ఆదివారం పేపర్లో పడింది. ఎక్కడెక్కడి వాళ్ళో ఫోన్లు చేసి, చివర్లో ఏడ్చేశామన్నారు. పై ఆదివారం ఆ పేపరూ, మిఠాయి పొట్లం పట్టుకుని ఊరెళ్ళాను.

పెద్దమ్మ గడపలో కూర్చుని ఉంది. చేపల గంప బోర్లించి ఉంది. పేరు మారిస్తే మాత్రం ఊరికి తెలీదా, ఎవరి కథో. పేపరు చదివించుకుని విన్నారు. బోట్లు కదిలే వేళకి ఒడ్డుకి రావద్దని ఆవిడతో చెప్పేశారు. నలభై ఏళ్ళుగా ఆవిడ పక్కన కూర్చుని చేపలమ్మిన తవిటమ్మ కూడా, మొగుణ్ణి పిలిచి పొట్టన పెట్టుకుందని అనేసిందట.

"నాను పిలిసినానేటే?" అని అడిగింది పెద్దమ్మ.

పొట్లం గడప మీదే వదిలేసి, దొరికిన బస్సెక్కి విజయనగరం వెళ్ళాను.

బావ మధ్యాహ్నం భోజనం చేసి అప్పుడే మంచమెక్కాడు. పేపరు చేతికిచ్చి, పైకి చదవమన్నాను. నవ్వుతూ మొదలుపెట్టాడు. తెప్ప తోసే చోటికి వచ్చేసరికి ఆ నవ్వు పోయింది. ముగింపు దగ్గర ఆగిపోయాడు. ఆ వాక్యం మళ్ళీ చదువుకున్నాడు.

"ఇదేటే? అత్త పిలవనేదు గదా! ఎవులు సెప్పినారే నీకు, ఇలగ రాయమని?"

"నువ్వే."

ఫోన్లో అతను పంపిన రిపోర్టు తీసి ముందు పెట్టాను. చదువుతుంటే అతని మొహంలో రంగు మారిపోయింది.

"ఏఐకి ఇచ్చీవోడినే. నువ్వు పంపిన కత అందులో పెడితే అదే రాసిచ్చీసేది. నీకు పంపీసీవోడిని."

"ఇదొక్కటేనా?"

"ఇక్కడికొచ్చినకాడ నుంచి, ఏడు కతలూ." తర్వాత గొణిగాడు. "స్కూలు పనే తెమల్దు నాకు. నువ్వూ ఆ రిపోర్టులు సూసి సంబరపడినావు గదా అని..."

ఆ యాప్ నేనూ వాడతాను, ఆఫీసు ఉత్తరాలకి. దానిమీద నాకు కోపం లేదు. మా ఒడ్డు సంగతి దానికెలా తెలుస్తుంది? తెలిసినవాడని నేను నమ్మింది ఇతన్ని. రాత్రీ పగలూ కూర్చుని రాసిన ఏడు కథల్లో ఒక్క వాక్యం ఇతని కళ్ళబడలేదు. సొంత మేనమామ చావు కూడా విప్పి చూడకుండా దానికి అప్పగించేశాడు. నేనేమో ఆ కాగితాల్ని తడిమి తడిమి మురిసిపోయాను.

"నువ్వు నన్ను మోసం చేశావు బావా. చదవలేనంటే చదవలేనని అనాల్సింది" అని లేచాను. వెనక నుంచి అనితా, అనితా అంటున్నాడు. ఆగలేదు.

మళ్ళీ ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. పెద్దమ్మ అక్కడే, అలాగే ఉంది. పక్కన చతికిలబడి అంతా చెప్పాను. బావ చదవలేదని, ఫోన్లో మిషను ఏదో రాస్తే తనదన్నట్టు పంపాడని, నన్ను నమ్మించి గొంతు కోశాడని. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. ఆవిడ నా ఏడుపు తగ్గేదాకా చూసింది.

"ఆడు సదవనేదు. సరే" అంది. "ఆ మిసన్‌కి మన సంగతి తెల్దు. అదీ సరే. నీకు తెల్సు గదేటే, నాను పిలవనేదని?"

"తెలుసు పెద్దమ్మా."

"తెల్సే రాసినావు" అంది.