తినకుండా వదిలిన చోటు

మే పన్నెండో తేదీ నాకు గుర్తుంది. ఆ రోజు నాలో మాంసరసం కలిపిన జెల్లీ పోసి గడ్డకట్టించారు. దాన్ని తిన్నవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. నేను ఒక గాజు పళ్ళేన్ని. విజయనగరం వైపు ఒక చిన్న ఆసుపత్రి ల్యాబులో ఉంటాను. కొలిమిలో కరిగి, మూతతో సహా పుట్టి, చాలా చేతులు మారి ల్యాబు టెక్నీషియన్ దమయంతి దగ్గరికి వచ్చాను. ఆవిరిలో ఉడికించాక, నేను చల్లారేదాకా ఆమె నా మీద చన్నీళ్ళు పొయ్యదు. పళ్ళేనికి అంతకన్నా మర్యాద ఏముంటుంది?

ఆ జీవులు పైడితల్లి మూత్రంలోవి. ఆమె బస్సు కండక్టరు, ఐదో నెల గర్భిణి. చలిజ్వరంతో ఎదురు వార్డులో చేరింది. రోగం మూత్రపిండాలదాకా పాకిందనీ, ఇంకా ముదిరితే బిడ్డకు ప్రమాదమనీ డాక్టరమ్మ భయం.

"మూత్రం మంటకి ముందిచ్చిన మాత్రలు పూర్తిగా వేసుకున్నావా?" ల్యాబు కిటికీలోంచి అడిగింది దమయంతి.

"రెండ్రోజులేసుకున్నానమ్మా. మంట తగ్గిపోనాది. ఆ మాత్తర్లు వేడి కదా, కడుపులో పిల్లకి వేడి సేత్తాదని మానేసి బార్లీ తాగినాను."

"మిగిలినవి?"

"మా తోడికోడలికీ మంటన్నాది. ఇచ్చీసినాను."

"దానం చెయ్యడానికి మాత్రలే దొరికాయా తల్లీ!"

మంటకీ వేడి అనే పేరు, మందుకీ వేడి అనే పేరు. రెండు రోజుల మాత్రలకు చచ్చినవి బలహీనమైన జీవులు. మొండివి మిగిలి, పిల్లల్ని కన్నాయి.

దమయంతి వాటిని నా మీద పూసి, రకరకాల మందులు పట్టించిన కాగితపు చుక్కలు పెట్టింది. మర్నాటికి అవి ఒక్కో చుక్క అంచుదాకా మేసేశాయి. ఒక్క చుక్క చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ. మనుషులకు విస్తరి ఖాళీగా ఉంటే దిగులు. నా దగ్గర ఆ ఖాళీయే పండగ.

దమయంతి నన్ను మూత తియ్యకుండానే పైడితల్లికి చూపించింది. "ఇదొక్కటే పనిచేస్తోంది. గర్భిణులకీ ఇవ్వొచ్చట. రోజూ సూది."

"సూదా? అది మరీ వేడి కదమ్మా?"

"దీన్నీ మధ్యలో వదిలేస్తే, రేపు నీకు చూపించడానికి నా దగ్గర ఇంకో చుక్క లేదు."

పైడితల్లి చాలాసేపు నన్నే చూసింది.

నన్ను ఉడికించి, కడిగి, వార్డు కనబడే కిటికీ పక్కన బోర్లించారు. కొన్నాళ్ళకు ఆమె జ్వరం దిగింది. ఆ సాయంత్రం సంచీ సర్దుకుని మంచం దిగింది. నర్సు సూది తెచ్చేసరికి గుమ్మం దగ్గర ఉంది.

"ఒళ్ళు తేలికైపోనాది సిస్టరమ్మా. ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి."

పైడితల్లి కడుపు మీద చెయ్యి వేసుకుని మంచం దగ్గరికి తిరిగొచ్చింది. సంచీ మంచం కిందికి తోసి, జాకెట్టు చెయ్యి పైకి మడిచింది.

"మరైతే కానీయండి."

నర్సు సూది వేసి, లైటు తీసి, వార్డు తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.