ఏడు నీళ్ళు కడిగిన ఆకు

తెల్లారి ఆరింటికే యేసమ్మ పాల్మాకుల చర్చి సమాధుల గోడ వెంట వంగి గడ్డి చామంతి ఆకు కోస్తోంది. ఎండెక్కితే ఆకులో పస తగ్గుతుందని ఆమె నమ్మకం. పొలం గట్ల మీద ఇదే ఆకు గంపలకొద్దీ ఉంటుంది కానీ అక్కడ పురుగుల మందు కొడతారు. సమాధుల మీద ఎవరూ మందు కొట్టరు. నెత్తి మీదుగా విమానం చక్రాలు దించుకుని పోతున్నా ఆమె తలెత్తలేదు. చిన్నప్పుడు కాలు తెగితే వాళ్ళమ్మ ఈ ఆకే నలిపి కట్టేది.

ఫార్మసీ కాలేజీ ల్యాబులో అటెండరుగా ఆమెకిది పదకొండో ఏడు. కోసిన ఆకును ఏడు నీళ్ళు కడుగుతుంది. ఏడోసారికి గాజు యంత్రంలో కాచి, ఆవిరి పట్టిన డిస్టిల్డ్ వాటరే వాడుతుంది. ఆకు ఉడికించి, వడగట్టి, ఆ రసాన్ని సిల్వర్ నైట్రేట్ అనే వెండి ఉప్పు కలిపిన నీళ్ళలో చుక్క చుక్కగా వేస్తే కంటికి ఆనని వెండి రవ్వలు పుడతాయి. నీళ్ళు మెల్లగా చాయ్ డికాక్షన్ రంగుకు తిరుగుతాయి. ఆ వెండితో చేసిన లేపనానికి ఎలుకల పుండ్లు వారంలో మానుతున్నాయి. రేపోమాపో షుగరు పుండ్ల మనుషులకూ పనికొస్తుందట.

యేసమ్మకు దక్కింది మాత్రం వేళ్ళ నిండా నల్ల మరకలు. వెండి ఉప్పు మరక ఏ సబ్బుకూ లొంగదు. ఆదివారం చర్చిలో ప్రభు బల్ల దగ్గర రొట్టె కోసం చెయ్యి చాపాలంటే సిగ్గు. ఆమె పై అధికారి ప్రేమలత మేడమ్ ఈ పని మీద ఆరు వ్యాసాలు అచ్చు వేయించుకుంది. ఆకు ఎక్కడ కోశారో, ఏ వేళకు కోశారో ఆరింటిలోనూ ఉంది. కోసిన మనిషి పేరు ఒక్కదానిలోనూ లేదు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ రోజు ఈ పరిశోధనకు డబ్బులిచ్చే ముగ్గురు పెద్దలు ఢిల్లీ నుంచి పొద్దుటి విమానంలో దిగి నేరుగా ల్యాబుకు వచ్చారు. వాళ్ళ కళ్ళముందే వెండి నీళ్ళ రంగు మారాలి. వెండి నీళ్ళు కలిపే పని మేడమ్ దగ్గర పిహెచ్‌డి చేస్తున్న జగదీశ్‌ది. యంత్రం నుంచి బొట్టు బొట్టు పడే నీళ్ళ కోసం కాచుకునే ఓపిక అతనికి లేదు. ముందురోజు సాయంత్రం తన డబ్బాను తాగే ఫిల్టరు నీళ్ళతో నింపేశాడు. ఫిల్టరు చేసిన నీళ్ళేగా, ఏం తేడా అనుకున్నాడు. ఇంత చదువు చదివి!

జగదీశ్ ఆ నీళ్ళతో కలిపిన వెండి నీళ్ళ సీసా బయటికి తీయగానే యేసమ్మ చూసింది. అందులో పాల చుక్క కలిసినట్టు తెల్లటి పొర. మేడమ్ పక్కకు వెళ్ళి చిన్నగా చెప్పింది, ఇందులో రసం పోయొద్దని. పెద్దల ముందు అటెండరు మాటలేమిటన్నట్టు మేడమ్ చేత్తోనే పక్కకు జరగమంది. రసం పోశారు. డికాక్షన్ రంగు రాలేదు. బూడిద రంగు మడ్డి అడుగున పేరుకుంది.

"మా అటెండరు ఆకు సరిగా కడగలేదండీ" అంది మేడమ్ నవ్వుతూ. పెద్దలూ నవ్వారు. గోడకు ఆనుకుని నిలబడ్డ యేసమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. మెత్తని వాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా?

వాళ్ళు వెళ్ళాక ఆమె రెండు గాజు గొట్టాలు తెచ్చింది. ఒకదానిలో యంత్రం నీళ్ళు, ఒకదానిలో జగదీశ్ డబ్బా నీళ్ళు పోసి, రెండింటిలోనూ వెండి ఉప్పు చుక్క వేసింది. మొదటిది తేటగా ఉంది. తాగే నీళ్ళలోని ఉప్పు తగిలి రెండోది తెల్లబడింది. జగదీశ్ తల వంచుకున్నాడు. మేడమ్ మాత్రం గొట్టాల వంక చూడనైనా చూడలేదు.

"నాకు తెలుసు యేసమ్మా. ఢిల్లీకి నిజం రాస్తే జగదీశ్ డాక్టరేట్ పోతుంది. నీకేం పోతుంది?" అంటూ ఒక కాగితం ముందుకు జరిపింది. అటెండరు యేసమ్మ ఆకును శుభ్రంగా కడగనందువల్లే ప్రయోగం చెడిందని, తప్పు ఒప్పుకుంటున్నానని అందులో ఉంది. సంతకం పెడితే నౌకరీ ఉంటుంది, లేకపోతే రేపటి నుంచి రానక్కర్లేదు. పదకొండేళ్ళలో ఆమె పేరు అచ్చుపడిన మొదటి కాగితం అదే.

యేసమ్మ దాన్ని రెండుసార్లు చదివింది.

"ఏడు నీళ్ళు కడిగిన మేడమ్. కడగలేదని నా చేత్తోని నేనెట్ల రాస్త? ఎలుకల పుండ్లకు దయ చూపెట్టిన్రు, మనిషికి జర న్యాయం చూపెట్టకపోతిరి."

మేడమ్ సాయంత్రం దాకా ఆలోచించుకోమని చెప్పి, జగదీశ్‌ను తీసుకుని భోజనానికి వెళ్ళిపోయింది. యేసమ్మకు ఆలోచించుకోవడానికేమీ లేదు. యంత్రం నీళ్ళతో వెండి ఉప్పు కొత్తగా కలిపింది. పొద్దున మిగిలిన ఆకురసం చుక్క చుక్కగా వేసింది. సీసాను ఎండ పడే కిటికీ దగ్గర పెట్టి, నీలం కోటు విప్పి మేకుకు తగిలించింది, ల్యాబు తాళంచెవి దాని జేబులో వేసింది. చీటీ మీద ఎప్పటిలాగే కోసిన చోటు, వేళ రాసింది. ఎప్పుడూ రాయని తన పేరు కూడా రాసి సీసాకు అంటించి, బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి సీసాలో నీళ్ళు చక్కటి డికాక్షన్ రంగులో ఉన్నాయి. సీసా కింద ఆ ఒప్పుకోలు కాగితం పరిచి ఉంది. అంచు నుంచి జారిన వెండి నీళ్ళకు సంతకం పెట్టవలసిన చోట నల్లటి గుండ్రటి మరక పట్టి, ఎండలో ఇంకా ముదురుతోంది.