దండ వేసిన పటం

గంపెడు ఎండుటాకుల్ని బుల్లియ్య బంగళా మెట్ల మీద మూడోసారి చల్లాడు. మొదటిసారి ఎక్కువయ్యాయంది, షూటింగులో నిన్నటికీ ఇవాళ్టికీ తేడా రాకుండా చూసే సుప్రియ. రెండోసారి, నిన్న మూడో మెట్టు మీద పనసాకు ఒకటి వెల్లకిలా ఉందనీ, ఇవాళ అది బోర్లా పడిందనీ అంది. ఫోను తెరిచి నిన్నటి ఫోటో చూపించింది. బుల్లియ్య కళ్ళు చికిలించి చూశాడు. మోకాలి మీద చెయ్యి ఆనించి, ఆరడుగుల ఒళ్ళు మూడు ముక్కలుగా వంచి, ఆ ఒక్క ఆకునీ తిరగేశాడు.

కడియం నర్సరీల్లో నలభై ఏళ్ళు అంట్లు కట్టిన చెయ్యి అది. బొటనవేలి మీద కత్తిగాట్లు నల్లగా చారలు కట్టి ఉంటాయి. వాడిపోయిన కొమ్మని తెచ్చి వేరే మొక్కకి కట్టినా చిగురు పెట్టించేదని పేరు. ఇప్పుడు దాని పని, పచ్చగా ఉన్న తోటని చచ్చిపోయినట్టు కనబడేలా చేయడం. దయ్యాలకొంప కదా, పచ్చగా ఉంటే చూసేవాళ్ళు నమ్మరట. పొద్దున్నే ఆకులన్నీ ఊడ్చి గంపకెత్తాలి, గంపలోవి తీసి మళ్ళీ నిన్న ఉన్నచోటే చల్లాలి. మళ్ళీ చల్లేదానికి ఊడ్చడం ఎందుకని ఇంకొకడైతే అడిగేవాడు. బుల్లియ్య అడగలేదు. అసలు అరవై ఆరేళ్ళలో అతను ఎవర్నీ ఏదీ అడిగి ఎరగడు.

అంటు మీద అంటు కట్టి, ఎర్రటి రేకుకి వెనకవైపు పసుపు తిరిగే గులాబీని తయారుచేస్తే, అప్పటి యజమాని దానికి తన కూతురి పేరు పెట్టుకున్నాడు. బుల్లియ్య అడగలేదు. పెళ్ళైన మూడో ఏట పురిట్లో బిడ్డ పోతే, ఎందుకు పోయిందని డాక్టర్ని అడగలేదు. గుడ్డలో చుట్టి ఇస్తే రెండు చేతులా పుచ్చుకుని వచ్చేశాడు. భార్య రత్నమాణిక్యం అన్నీ మర్చిపోయింది గానీ, అది మాత్రం మర్చిపోలేదు.

బంగళా కాలవగట్టు మీద ఉంటుంది. నర్సరీల చంద్రరావుగారు దాన్ని కొన్నది కూలగొట్టి మొక్కలు పెట్టడానికే. ఈలోగా సీరియల్ వాళ్ళు అద్దెకి అడిగారు. మోకాలు అరిగి అంట్లు కట్టడానికి కూర్చోలేకపోతున్న బుల్లియ్యని, ఆయన దయ తలిచి అక్కడ కాపలా పెట్టారు.

సీరియల్ పేరు 'శాపాల మేడ'. వారానికి ఆరు రోజులు, ఏడున్నరకి. ఆ మేడ కట్టించిన రాజా విజయభూపతి బహద్దరు, తన కొడుకుని ప్రేమించిన కనకాంబరి అనే పిల్లని మంత్రగత్తె అని ముద్ర వేసి, బతికుండగానే గోడలో పెట్టి కట్టించేశాడు. ఆ పిల్ల అప్పటికి మంత్రగత్తె కాదు పాపం, చచ్చాకే అయింది. ఈ కొంపలో ప్రేమించి పెళ్ళాడిన ఏ కోడలి మెళ్ళోనూ తాళి నిలవదని శపించింది. ఇప్పటి కోడలు ఆగిపోయిన గోడగడియారం ముల్లు వెనక్కి తిప్పి, ఆ కాలంలోకి వెళ్ళి, శాపం పుట్టకుండా చూడాలని తంటాలు పడుతోంది. ఈలోగా ఆవిడ మొగుడు మూడుసార్లు చచ్చి మూడుసార్లు బతికాడు.

రాజావారు కథలో ఎప్పుడో పోయారు కాబట్టి, హాల్లో పటమై ఉండాలి. ఆ పటానికి రావలసిన పెద్ద నటుడు ఆ రోజు రైలు అందుకోలేకపోయాడు. డైరెక్టర్ సత్యప్రసాద్ చుట్టూ చూశాడు. చీపురు పట్టుకుని నిలబడ్డ బుల్లియ్య మీసం, పొడుగు కంటపడ్డాయి. తలపాగా చుట్టి, జరీ కోటు తొడిగి, ముత్యాల సరాలు వేసి ఫోటో తీసేశారు. ఆ కాలంలో ఫోటోలెక్కడివని ఎవరో అంటే, కంప్యూటర్లో దాన్ని రంగుల బొమ్మగా మార్చారు. నుదుటి మీది ముడతలు మాత్రం ఉంచేశారు, రాజుల దిగులు బాగా పలికిందట. అది రాజుల దిగులు కాదు, మోకాలి నొప్పి.

మొదటి భాగం వచ్చిన రోజు వీధిలో వాళ్ళందర్నీ రత్నమాణిక్యమే పిలిచి కూర్చోబెట్టింది. మొగుడు రాజుగా కనబడతాడంటే పిలవదా మరి. హాలు కనబడింది. పటం కనబడింది. పటం నిండా బంతిపూల దండ, కింద దీపం, ఊదొత్తుల పొగ. ఎదురింటి చిన్నమ్మాయి రత్నమాణిక్యం బొట్టు వంక చూసి చటుక్కున కళ్ళు దించుకుంది. ఆవిడ లేచి టీవీ కట్టేసింది. మళ్ళీ పెట్టలేదు.

దండల సంగతి రత్నమాణిక్యానికి ఎవరూ చెప్పక్కర్లేదు. కడియపులంక పూల మార్కెట్లో దండలు కట్టడంలోనే జుట్టు నెరిసింది. ఏది పెళ్ళికో, ఏది గుడికో, ఏది పాడెకో కళ్ళు మూసుకుని వేళ్ళతో చెబుతుంది.

"బతికున్నోడికి మెళ్ళో వేస్తారయ్యా దండ," అంది ఆ రాత్రి. "పటానికి వేశారంటే ఏంటి? తీసెయ్యమని ఒక్క మాట అడుగు."

"ఆయ్, అడుగుతాను," అన్నాడు బుల్లియ్య.

ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో ఆవిడ శనివారాలు ఉపవాసాలు మొదలుపెట్టింది, పుస్తెలకి పసుపు రాయని రోజు లేదు. బుల్లియ్యకి దగ్గొస్తే లేచి కూర్చుని, తగ్గేదాకా చూస్తూ ఉంటుంది. బంగళా వైపు మాత్రం రాదు. ఇవాళ తెల్లారకుండా మార్కెట్‌కి వెళ్తూ గుమ్మంలో నిలబడి గట్టిగానే చెప్పింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నువ్వు మీ అమ్మనైనా అడిగావో లేదో నాకు తెలీదు. ఇవాళ అడక్కపోతే నేనే వచ్చి దాన్ని తెంపి కాలవలో పారేస్తాను, తర్వాత నీ ఉద్యోగం నీ ఇష్టం అంది. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. బుల్లియ్య చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు.

ఆ మాట పొద్దుటినుంచీ గొంతులో అడ్డం పడి ఉంది. దానికి తోడు ఎడమ జబ్బ లాగుతోంది. చీపురు పట్టేది కుడి చెయ్యి కదా, ఎడమది ఎందుకు లాగుతోందో అతనికి అర్థం కాలేదు. అదీ ఎవర్నీ అడగలేదు.

పదింటికి ముక్కాలిపీట వేసుకుని ఎక్కి పటం తుడిచాడు. దండ ప్లాస్టిక్‌ది. వారానికోసారి దాన్ని సర్ఫు నీళ్ళలో ముంచి, జాడించి, తీగ మీద ఆరేసేది కూడా బుల్లియ్యే. తన దండ తనే ఉతుక్కునే మనిషి రెండు గోదావరి జిల్లాల్లోనూ ఇంకొకడు ఉండడు. పటంలో మనిషి వంక అతను ఎక్కువసేపు చూడడు. ఇవాళ చూశాడు. తలపాగా తీసేస్తే అచ్చం వాళ్ళ నాన్నే.

సత్యప్రసాద్ వచ్చాక టీ తీసుకుని వెళ్ళాడు. ఆయన ఫోన్లో ఛానల్ వాళ్ళతో మాట్లాడుతున్నాడు. ఇంకోసారి వెళ్తే లైట్ల వాళ్ళని తిడుతున్నాడు. మూడోసారి ఆయనే తలెత్తి, ఏంటి బుల్లియ్యగారూ అని మర్యాదగా అడిగాడు. ఏడు నెలలుగా పేర్చి పెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారి నాలిక చివరికి వచ్చి, అక్కడే ఆగిపోయాయి.

"టీ చల్లారిపోతుందండి," అన్నాడు బుల్లియ్య.

సిగ్గేసింది. తన మీద తనకి అసహ్యం కూడా వేసింది. స్తంభం చాటుకి వెళ్ళి నిలబడ్డాడు. లోపల కనకాంబరి వేషంలో ఉన్న లావణ్య, పొడుగు గోళ్ళ చేతిని పటం వైపు చాచి అరుస్తోంది, నీ వంశంలో తాళి నిలవదు, నిలవదు, నిలవదు అని. ఐదు టేకులు తీశారు. తథాస్తు దేవతలు తిరుగుతుంటారని భయపడి బుల్లియ్య ఐదుసార్లూ చెవులు మూసుకున్నాడు. ఆరోదానికి లావణ్య గొంతు పోయి, వేడినీళ్ళు తాగుతూ అతన్ని చూసి నవ్వింది. మంచి పిల్ల, ఎప్పుడూ తాతగారూ అనే పిలుస్తుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సుప్రియ కాగితాలు తిరగేస్తూ వచ్చింది. కోడలు గడియారం తిప్పేసిందనీ, ఈ పూటనుంచి పది రోజులపాటు కథ వెనక్కాలంలో నడుస్తుందనీ చెప్పింది.

"ఆ దండ తీసెయ్యండి తాతగారూ. రాజుగారు బతికే ఉంటారు."

బుల్లియ్యకి మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకున్నాడు. ముక్కాలిపీట తెచ్చి ఎక్కాడు. మేకుకి చుట్టిన తీగ విప్పాడు. దండ చేతిలోకి వచ్చింది. గాజు వెనక ముఖం ఖాళీగా, తేటగా ఉంది. పీట దిగి, గోడ పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. రత్నమాణిక్యం నాలుగింటికి మార్కెట్ నుంచి వస్తుంది. ఫోను చేసి చెప్పకూడదు, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాలి అనుకున్నాడు.

పది రోజుల తర్వాత ఏమిటన్న ఆలోచన అప్పుడొచ్చింది. దాంతోపాటు ఎన్నడూ లేని తెగింపు కూడా వచ్చింది. దండ చేత్తో పట్టుకునే వెళ్ళి సత్యప్రసాద్ ఎదురుగా నిలబడ్డాడు.

"అయ్యగారూ, దీన్ని మళ్ళీ వెయ్యకండి. మా ఆవిడ భయపడతందండి."

సత్యప్రసాద్ దండ వంకా, అతని వంకా చూశాడు. చూస్తూ చూస్తూ ఆయన ముఖం ఎర్రబడింది.

"అయ్యో, ఇదా? మొదట్లోనే చెప్పాల్సింది కదండీ. వెనక్కొచ్చాక కూడా వెయ్యంలెండి. నేను మాటిస్తున్నాను."

అంతే. అరనిమిషం కూడా పట్టలేదు. ఏడు నెలల ఉపవాసాలు, ఉలిక్కిపడి లేచిన రాత్రులు, గడ్డకట్టుకుపోయిన ఇల్లు, అన్నీ ఆ అరనిమిషం కోసమే. బిడ్డ పోయినప్పుడు కూడా ఇలాగే ఒక్క మాట అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్ళో. ఆ ఆలోచన రాగానే బుల్లియ్యకి గుండెల్లో కలుక్కుమంది. వరండా చివర ఆకుల గంప పక్కన తన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. దండ ఒళ్ళో పెట్టుకున్నాడు. దీన్ని ఆవిడ చేతికే ఇచ్చి, కాలవలో పారెయ్యమనాలి.

నాలుగు దాటాక వరండాలో షాట్ పెట్టారు. కోడలు వెనక్కాలంలో కళ్ళు తెరిచి, స్తంభాలు తడుముకుంటూ నడవాలి. కెమెరాలో చూస్తే వెనకాల తెల్లచొక్కా కనబడుతోంది.

"తాతగారూ, ఫ్రేములో ఉన్నారండి. కొంచెం పక్కకి జరుగుతారా?" అంది సుప్రియ.

బుల్లియ్య జరగలేదు. ఆవిడ ఇంకోసారి చెప్పింది. పెద్దాయన కునుకు తీస్తున్నట్టున్నాడు, మెల్లగా లేపమ్మా అన్నాడు సత్యప్రసాద్. ఎవరేం చెప్పినా ఆయ్ అనే మనిషి, చెప్పిన మాట వినకపోవడం అదే మొదలు. సుప్రియ వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. ఒళ్ళోంచి ప్లాస్టిక్ దండ జారి కింద పడింది.

ఆ పూటకి షూటింగు ఆపేశారు. మర్నాడు తొమ్మిదింటికి మొదలుపెట్టారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, ఆ లెక్కన సెట్లో అందరూ బుల్లియ్యని మహా పొగిడారు. శవంతోపాటు ఇంటికొచ్చిన ప్లాస్టిక్ దండని రత్నమాణిక్యం అన్నట్టే కాలవలో పారేసింది.

బుల్లియ్య అన్నకొడుకు సత్తిరాజు తలకొరివి పెట్టాడు. పదకొండో రోజుకి పటం కావాలి. ఇల్లంతా వెతికితే బుల్లియ్యకి ఫోటో లేదు. ఆధార్ కార్డు పట్టుకెళ్తే, ఇది పెద్దది చేస్తే మసక తప్ప మనిషి రాడన్నాడు స్టూడియో అతను. తొమ్మిదో రోజు పొద్దున్న రత్నమాణిక్యం తనే బంతిపూలు ఏరుకుని దండ కట్టింది. నలభై ఏళ్ళలో లెక్కలేనన్ని కట్టిన వేళ్ళు, దీని దగ్గర మూడుసార్లు ముడి తప్పాయి. సత్తిరాజు బండెక్కి, ఏడు నెలల తర్వాత బంగళాకి వచ్చింది.

మైల మనిషినని మెట్టెక్కలేదు. కిందే నిలబడింది. తెరిచిన తలుపుల్లోంచి హాల్లో పటం కనబడుతోంది. తలపాగా, ముత్యాలు, ముడతల నుదురు. దండ లేదు. ఆవిడ అలా చూస్తూనే ఉండిపోయింది. మాటిచ్చాడు కదా, అడిగాడన్నమాట అనుకుంది.

సుప్రియ పరుగెత్తుకుంటూ వచ్చింది. పటం ఒక్కరోజు ఇస్తే పెద్దకర్మ అయ్యాక తెచ్చి ఇచ్చేస్తామన్నాడు సత్తిరాజు. సుప్రియ చేతులు నలుపుకుంది. రోజూ ప్రతి షాట్‌లోనూ ఉందండీ, కదపడానికి లేదంది. ఇంకో పటం అచ్చు వేయించి ఇస్తామనీ, హైదరాబాద్ నుంచి రావడానికి వారం పడుతుందనీ చెప్పింది.

"పోనీ, ఈ దండైనా వెయ్యమ్మా," అంది రత్నమాణిక్యం, మెట్ల కింద నుంచే చెయ్యి చాచి.

సుప్రియ కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. అయినా చెప్పవలసిందే చెప్పింది. జనం బాగా చూస్తున్నారని వెనక్కాలాన్ని ఇంకో నెల పొడిగించారు. ఈ నెలంతా రాజుగారు కథలో బతికే ఉండాలి. పైగా, ఆ పటానికి ఎప్పటికీ దండ వెయ్యమని డైరెక్టర్‌గారు తాతగారికి మాటిచ్చారు.

రత్నమాణిక్యం చాచిన చెయ్యి దించింది.

"బతికున్నన్నాళ్ళూ చంపేరు. చచ్చాక బతికించేరు," అంది. "కానివ్వండమ్మా. మీ కథ మీరు చెప్పుకోండి."

కొంగు భుజం నిండా కప్పుకుని వెనుదిరిగింది. వరండా చివర ఖాళీ ప్లాస్టిక్ కుర్చీ, దాని పక్కన బుల్లియ్య గంప కనబడ్డాయి. దగ్గరికి వెళ్ళి, నేలమీదే నిలబడి గంప మీదికి వంగింది. లోపల షాట్‌కి వేళయిందని ఎవరో కేక వేశారు. బండి చప్పుడు కాలవగట్టు మీద దూరమైపోయింది. గంపలో, అతను ఏరి దాచిన ఎండుటాకుల మీద, పొద్దున కట్టిన బంతిపూల దండ ఇంకా తడి ఆరకుండా ఉంది.