పదహారో నంబరు వాడి పకౌట్

మా ఇంట్లో పదహారో నంబరు జెర్సీని ఉతికినన్ని సార్లు ఏ ఇంట్లోనూ ఏ జెర్సీనీ ఉతికి ఉండరు. మురికి అంటిందని మాత్రం ఏనాడూ ఉతకలేదు. కర్రలతో బంతి కొట్టే మా ఐర్లండ్ ఆట హర్లింగ్‌లో ఒకటో నంబరు గోల్‌లో నిలబడేవాడిది. వాడికేమైనా అయితే నిలబడాల్సినవాడిది పదహారు. మా ఆయన మాలకీ తొమ్మిదేళ్ళు ఆ పదహారు వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఈలోగా ముగ్గురు ఒకటో నంబరు వాళ్ళు మారారు. ముగ్గురికీ రాయిలాంటి ఆరోగ్యం.

మా కౌంటీలో, అంటే మా జిల్లాలో, జనానికి ఫుట్‌బాల్ అంటేనే ప్రాణం. హర్లింగ్ ఆడేది నది సముద్రంలో కలిసే చోట ఉన్న గుప్పెడు ఊళ్ళు. అందుకే మేం ఆడేది పెద్ద కౌంటీల పోటీలో కాదు, దాని కిందదాంట్లో. ఆరు కౌంటీలు ఏప్రిల్ నుంచి ఒకళ్ళతో ఒకళ్ళు ఆడతాయి. పైన నిలిచిన రెండిటికీ జూన్‌లో డబ్లిన్ క్రోక్ పార్క్‌లో ఫైనల్. అందులో గెలిచినవాళ్ళు మరుసటేడు పెద్దవాళ్ళ పంక్తిలో కూర్చుంటారు. మావాళ్ళు ఎప్పుడూ ఆ పంక్తి దాకా వెళ్ళి, ఆకు పరిచే వేళకి లేచి వచ్చేస్తారు.

మాలకీ కోరిక మాత్రం కప్పు కాదు. పోనీ గొప్పగా గోల్ ఆపాలనీ కాదు. వాడికి ఒక్క పకౌట్ కావాలి. బంతి గోల్ పక్కనుంచి బయటికి పోయాక కీపర్ దాన్ని గాల్లోకి ఎగరేసి, కర్రతో మైదానం మధ్యకి కొట్టి ఆట మళ్ళీ మొదలెడతాడే, అదే. ఫిబ్రవరి వానలో, ఎవరూ రాని లీగ్ ఆటల్లో వాడు బోలెడు కొట్టాడు. ఏప్రిల్‌లో మొదలయ్యే ఈ ఛాంపియన్‌షిప్‌లో, జనం చూస్తుండగా, ఒక్కటీ లేదు. పెళ్ళయిన కొత్తలో చెప్పాడు, నవ్వాను. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాక కూడా అదే మాట అంటుంటే నవ్వడం మానేశాను.

రెండో కీపర్‌కి నిజంగా ఉండే పని ఒకటే. ఆటకి ముందు మొదటి కీపర్ ఎదురుగా నిలబడి, వాడి చేతులు వేడెక్కేదాకా బంతులు కొట్టడం. ఆ తొమ్మిదో ఏడు మా ఒకటో నంబరు ఓరన్, ఇరవై మూడేళ్ళవాడు, బాలీరో ఊరివాడు. మాది కిల్‌బ్రాక్. రెండూళ్ళకీ ఉప్పూ నిప్పూ. మా అత్తయ్య పెగ్ బాలీరో మీదుగా కారు పోనిస్తే అద్దం కూడా దించనివ్వదు. అయినా మంగళవారం, గురువారం సాయంత్రాలు మా ఆయన ఆవుల పాలు పితికే పని నా నెత్తిన పడేసి, ఆ బాలీరోవాడికి బంతులు కొట్టడానికి పరిగెత్తేవాడు.

"ఏం తాతా, మోకాళ్ళు లేచాయా?" అనేవాడు ఓరన్.

"లేచాయిరా. మీ ఊరివాళ్ళకి బుద్ధే ఇంకా లేవలేదు."

మొదటి ఆట గెలిచాం. రెండోది ఉత్తరాన, గాలికి కర్రలే ఎగిరిపోయే మైదానంలో, సమానంగా తేలింది. మూడోది మా సొంత మైదానంలో. చివర్లో పదకొండు పాయింట్లు ముందున్నాం. కోచ్ డోనల్ వెనక్కి తిరిగి మాలకీకి చెయ్యి ఊపాడు. నేను స్టాండ్‌లో అత్తయ్య చెయ్యి పట్టుకున్నాను. మా ఆయన స్వెటర్ విప్పి, హెల్మెట్ పెట్టుకుని, గీత పక్కనే లేగదూడలా గెంతుతున్నాడు. సరిగ్గా అప్పుడు అవతలివాళ్ళు గోల్ కొట్టారు, ఒక్కసారే మూడు పాయింట్లు. డోనల్ అరచెయ్యి చూపించాడు, ఆగమని. మాలకీ ఆగాడు. ఆట అయిపోయేదాకా హెల్మెట్ తియ్యకుండా అలాగే నిలబడ్డాడు. అందరూ వెళ్ళిపోయాక అత్తయ్య అంది, "నా కొడుకుని చూస్తే బస్సు తప్పిపోయినవాడిలా ఉన్నాడే నూలా."

నేను సహకార సంఘం దుకాణంలో పని చేస్తాను. డోనల్ బడిపంతులే అయినా నాలుగు దూడల్ని పెంచుతాడు. ఆ సోమవారం పాలపొడి బస్తా కోసం నా దగ్గరికే రావాల్సి వచ్చింది.

"ఏం డోనల్, పదకొండు పాయింట్లు ముందుండి కూడా మా ఆయన్ని పంపడానికి నీకు చెయ్యి రాలేదా?"

"పంపుదామనే లేపాను నూలా. ఈలోగా గోల్ పడింది."

"పడింది ఓరన్ మీదే కదా. వాణ్ణి తియ్యడానికి అదింకా మంచి కారణం."

"నిలబడ్డ కీపర్ని ఎవరూ మార్చరమ్మా. మారిస్తే వాడి ధైర్యం చచ్చిపోతుంది. కీపర్ మారాలంటే కాలు విరగాలి, లేదా నెత్తురు కారాలి."

"అయితే పాలపొడి లేదు."

"నీ వెనకే ఉంది కదా!"

"ఉంది. నీకు లేదు."

ఇచ్చాననుకోండి. బస్తా బండిలోకి ఎత్తడానికి మాత్రం సాయం పట్టలేదు. ఆ నెత్తురు మాట ఒకటి నా బుర్రలో తిష్ఠ వేసింది. ఒంటి మీద నెత్తురు కనిపిస్తే ఆటగాడు బయటికి రావాల్సిందే, అది రూలు. వాడికి కట్టు కట్టేలోగా ఇంకొకడు ఆడొచ్చు. కట్టు కట్టగానే పాతవాడు తిరిగి లోపలికి వెళ్ళిపోవచ్చు. ఆదివారం చర్చి పూజలో మోకాళ్ళ మీద ఉండి, నాకు తెలియకుండానే దేవుడితో బేరమాడాను. చిన్న దెబ్బే స్వామీ, రెండు కుట్లు పడితే చాలు, పాపం వాడూ ఒక తల్లి కన్నబిడ్డే. పక్కనే అత్తయ్య కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. బయటికొచ్చాక అడిగితే, "నువ్వు అడిగిందే నేనూ అడిగాను. ఐదు కుట్లు అడిగాను," అంది.

నాలుగో ఆట ఓడిపోయాం. ఐదోది చచ్చీ చెడీ ఒక్క పాయింటుతో గెలిచాం. అలా ఫైనల్‌కి వచ్చి పడ్డాం.

క్రోక్ పార్క్‌లో మా ఫైనల్ ముందు ఆట. తర్వాత పెద్దవాళ్ళది. ఎనభై వేలమంది పట్టే చోట మేం ఓ మూల పోసిన బఠాణీల్లా ఉన్నాం. పెద్ద కౌంటీల జనం ఒక్కొక్కరే వచ్చి, మా ఆట వైపు చూడకుండా తమ సీట్లు వెతుక్కుంటున్నారు. ఒకాయన మా ముందు నిలబడి టీ ఫ్లాస్కు మూత తిప్పుతుంటే అత్తయ్య గొడుగుతో పొడిచింది. "నాయనా, మాదీ ఆటే, కాస్త కూర్చుంటావా?"

ఆ వారమంతా డోనల్ మావాళ్ళకి ఒకటే నూరిపోశాడు. అవతలివాళ్ళకి మధ్యలో ఒక పొడుగాటివాడున్నాడు, తాటిచెట్టంత. గాల్లో వచ్చిన ప్రతి బంతీ వాడిదే. కాబట్టి పకౌట్‌లు ఎత్తుగా కొట్టకూడదు. పక్కనున్న మనవాడికి పొట్టిగా ఇవ్వాలి. మాలకీ ఇంటికొచ్చి ఉప్పు డబ్బానీ మిరియాల డబ్బానీ బల్ల మీద పెట్టి నాకు ఇదంతా విడమరిచి చెప్పాడు. ఓరన్ ఆ రోజు అలాగే ఆడాడు. ఒక్కటీ ఎత్తుగా కొట్టలేదు. ఆట ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనగా ఒక్క పాయింటు ముందున్నాం.

అప్పుడు ఓరన్ ఒక బంతి మీదకి వంగాడు, ఎవడి కర్రో వాడి వేళ్ళ మీద పడింది. రిఫరీ వాడి చెయ్యి పట్టుకుని పైకెత్తి చూశాడు. స్టాండ్‌లోంచి కూడా ఎరుపు కనిపించింది. నేనూ అత్తయ్యా ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు. మాలకీ అప్పటికే లేచి నిలబడ్డాడు. పేరు రాసిన చీటీ రిఫరీ చేతిలో పెట్టి, గోల్ వైపు పరిగెత్తాడు. పెళ్ళినాడు చర్చిలోకి కూడా అంత తొందరగా నడవలేదు.

ఇక బంతి వాడి వైపు రాదే! ఆట అంతా అవతలి చివరే. మా వాళ్ళకి తప్పు మీద దొరికిన ఫ్రీ దెబ్బ ఒకటి, పక్క గీత మీద తోపులాట ఒకటి. మాలకీ గోల్ ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు, గడ్డి తొక్కి సరిచేస్తున్నాడు. బెంచీ దగ్గర ఓరన్ వేళ్ళకి కట్టు పడుతోంది. నేను ఆ కట్టు చుట్టే డాక్టరు చేతుల్నే చూస్తున్నాను. అంత చురుకైన డాక్టర్ని ఎక్కడ పట్టుకొచ్చారో అని తిట్టుకున్నాను.

అవతలివాడొకడు దూరం నుంచి బలంగా కొట్టాడు. బంతి గోల్ పక్కనుంచి బయటికి పోయింది. గోల్ పక్కనుండే తెల్లకోటు అంపైరు బయటికి పోయిందని రెండు చేతులూ చాపి ఊపాడు. బంతి మాలకీ చేతికొచ్చింది.

అప్పటికే ఓరన్ కట్టు కట్టుకుని, హెల్మెట్ పెట్టుకుని గీత మీద నిలబడి ఉన్నాడు. డోనల్ రెండు చేతులూ ఎత్తి, "మాలకీ! వచ్చెయ్! వచ్చెయ్!" అని అరుస్తున్నాడు. రిఫరీ వెనక్కి తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మాలకీ హెల్మెట్ గీత వైపు తిరిగింది. డోనల్‌ని చూసింది, ఓరన్‌ని చూసింది. తర్వాత మెల్లగా ముందుకి తిరిగింది. బంతి పైకి లేచింది.

అయ్యో, ఏం కొట్టాడని! అంత శుభ్రమైన దెబ్బ నేను ఈ జన్మలో చూడలేదు. ఫ్లాస్కు ఆయన కూడా తలెత్తి చూశాడు. బంతి మైదానం సగం దాటింది, ఇంకా పైపైకే పోతోంది. నేను లేచి నిలబడి ఏదో అరిచాను, ఏమని అరిచానో నాకే తెలీదు. వాడు తొమ్మిదేళ్ళు బెంచీ మీద కూర్చుని కన్న కల ఆ బంతి. అది కింద పడకూడదని అనిపించింది.

పడింది. పొడుగాటివాడి చేతిలోకే పడింది. వాడు ఒక్క అడుగు పక్కకి వేసి తిరిగి కొట్టాడు. బంతి మాలకీ నెత్తి మీదుగా, గోల్ అడ్డకర్ర పైనుంచి పోయింది. అలా పోతే ఒక పాయింటు. ఇద్దరూ సమానం.

ఈసారి గీత మీదున్న ఓరన్‌ని రిఫరీ చూశాడు. మాలకీ బయటికి నడిచాడు. ఎదురుగా వస్తున్న ఓరన్ వాడి భుజం తట్టి ఏదో అన్నాడు. ఆ తర్వాత అదనపు సమయంలో వాళ్ళు ఇంకో పాయింటు కొట్టారు. మేం కొట్టలేదు. మరుసటేడు కూడా మాకు ఆ కింది పంక్తే మిగిలింది.

తిరుగుదారిలో హోటల్లో అందరికీ రోస్ట్ బీఫ్, రెండు రకాల బంగాళాదుంపలు వడ్డించారు. ముద్ద ఎవరికీ దిగలేదు. చివరికి డోనల్ వచ్చి మాలకీ ఎదురుగా కూర్చున్నాడు. పాపం, వాడి గొంతులో కోపం కూడా లేదు.

"మేం పిలిచింది నీకు కనబడలేదు కదా?"

మాలకీ తప్పించుకోడానికి తలుపు తెరిచి పెట్టినట్టే అడిగాడు. అత్తయ్య వెంటనే అందుకుంది. "ఎండ మొహం మీదే కొడుతోంది. పైగా ఆ హెల్మెట్‌లోంచి ఏం కనిపిస్తుంది నాయనా!"

బల్ల చుట్టూ అందరూ తలలూపారు. ఎండ బాగానే ఉందని ఒకరు, గోల అని ఒకరు. మాలకీ ఔనంటే చాలు, అక్కడితో అయిపోయేది.

"కనబడింది," అన్నాడు మాలకీ.

ఓరన్ ఫోర్కు కింద పెట్టాడు. డోనల్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "మరి పొట్టిగానైనా ఇవ్వచ్చు కదయ్యా," అన్నాడు.

"ఇవ్వాల్సింది."

కారులో నేను తిట్టాను. ఇరవైమంది కుర్రాళ్ళ ఏడాది కష్టం నీ ఒక్క దెబ్బకి సరిపోయిందా అని అడిగాను. మనసారా తిట్టాను, ఎందుకంటే వాడు కొట్టినందుకు నాకు లోపల ఎక్కడో సంతోషంగా ఉంది. ఆ సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక సీట్లోంచి అత్తయ్య అడిగింది, "ఆ బాలీరోవాడు నీ చెవిలో ఏమన్నాడురా?"

"'భలే కొట్టావు తాతా' అన్నాడు."

తర్వాత బాలీరో మీదుగా పోతున్నప్పుడు అత్తయ్య గాలి కావాలంటూ అద్దం దించింది.

డోనల్ కొత్త జట్టుకి జనవరి మొదటి వారంలో ఫోన్లు చేస్తాడు. ఈసారి ఓరన్‌కి చేశాడు, మా ఊరి కుర్రాళ్ళలో ఇద్దరికి చేశాడు. పదహారో నంబరు బాలీరో కుర్రాడే ఇంకొకడికి వెళ్ళిందని దుకాణంలో నాకే ముందు తెలిసింది. ఇంటికొచ్చి చెప్పాను. మాలకీ "మంచిదే," అన్నాడు. ఆవుల దగ్గరికి వెళ్ళాడు.

ఆ మంగళవారం సాయంత్రం పాలు వాడే పితికాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి నేను ఊరికే పొయ్యి పక్కన కూర్చున్నాను. ఏం చేసుకోవాలో తోచక కొట్టంలోకి వెళ్ళాను. వాడు ఆవు పక్కన స్టూలు మీద కూర్చుని గోడ వైపు చూస్తున్నాడు. పాలు తీసే మిషన్ తన పని తాను చేసుకుంటోంది.

"ఇంకా ఏమిటి?" అన్నాను. "కోరిక తీరింది కదా. క్రోక్ పార్క్‌లో కొట్టావు. చచ్చేదాకా చెప్పుకోవచ్చు."

"తీరింది," అన్నాడు. ఆవు పొట్ట మీద చెయ్యి వేశాడు. "ఇంకొక్కటి కావాలి నూలా. పొట్టిగా, పక్కనున్నవాడికి ఇచ్చేది. ఎవరికీ గుర్తుండనిది."