పెళ్లి కూజాలో పది పాళ్లు

మా లోయలో పెళ్లి కుదరాలంటే ముందు రెండిళ్ల వైన్లు కుదరాలి. అబ్బాయి తోట వైను, అమ్మాయి తోట వైను ఒక మట్టికూజాలో కలిపి, మూతకి మైనం పూసి, నలభై రోజులు చర్చి వెనక గదిలో పెడతారు. తాగేట్టుంటే పెళ్లి, లేదంటే ఎవరి దారి వాళ్లది. ఈ పద్ధతి ఎవడు పెట్టాడో గాని వాడికి పెళ్లై ఉండదని నా నమ్మకం.

నాది ఏటి ఒడ్డు తోట. ఇసక నేల, అడక్కుండానే నీళ్లు. మా మాల్బెక్ ద్రాక్షపళ్లు పల్చటి తోలుతో, బొద్దుగా, తియ్యగా ఉంటాయి. వైనూ అంతే, గొంతు దిగాక ఏం తాగామో గుర్తుండదు. మా వంశమూ అలాంటిదేనని ఊళ్లో అంటారు.

నేను చేసుకోవాలనుకున్న ఎర్మిందా చోకోబార్ వాళ్లది కొండ నెత్తిన తోట. తాతల నాడు ఒకే తీగ నుంచి కోసిన కొమ్మల్నే రెండు చోట్లా నాటారు. కానీ ఆరొందల మీటర్లు పైకి పోయేసరికి పగలు ఎండ మాడ్చేస్తుంది, రాత్రి చలి కొరికేస్తుంది, గాలి ఒక్క పూటా ఊరుకోదు. పండు హడలిపోయి శనగ గింజంత దగ్గరే ఆగిపోతుంది, తోలు మందం చేసుకుని నల్లబడుతుంది. ఆ వైను తాగితే నాలుక అంగిలికి అతుక్కుంటుంది. ఎర్మిందా కూడా రోజుకి నాలుగు మాటలు మాట్లాడుతుంది, అందులో మూడు నన్ను తిట్టడానికి. అయినా మూడేళ్లుగా ఆ కొండ ఎక్కుతూనే ఉన్నాను. ఆమె లేకపోతే చచ్చిపోతానని చెప్పను గాని, బతికి చేసేదేమీ ఉండదు.

నలభయ్యో రోజు మా ఇద్దరి కూజా తెరిచారు. రుచి చూసేది దోన్ అబ్దోన్ (మా వైపు పెద్దాయన్ని దోన్ అంటాం, పెద్దావిడని దోన్యా). లోయలో వైన్లు కలపడం ఆయన పని. ఇప్పటికి ఆరు పెళ్లిళ్లు చెడగొట్టాడు, ఆ సంగతి గర్వంగా చెప్పుకుంటాడు. ఒక గుక్క నోట్లో తిప్పి నేల మీద ఉమ్మేశాడు.

"మొదట్లో నీళ్లు, చివర్లో వగరు. మధ్యలో ఎవరూ లేరు," అన్నాడు.

"పాళ్లు మార్చి చూడండి," అన్నాను.

"మార్చేదేముందయ్యా?" అన్నాడు ఎర్మిందా తండ్రి దోన్ సిక్స్తో. "మా పిల్ల మందం, నువ్వు పల్చన. ఈ మాట కూజాతో పని లేకుండా నేనెప్పుడో చెప్పాను."

ఎర్మిందా తండ్రి చేతిలో గ్లాసు లాక్కుని బల్ల మీద పెట్టింది. "మళ్లీ కలపండి," అంది.

దోన్ అబ్దోన్ మధ్యాహ్నమంతా కలిపాడు, ఉమ్మాడు, కలిపాడు. చివరికి విసుగొచ్చి, నడికొండలో ఉండే దోన్యా అసుంతా తోట వైను కాస్త పోశాడు. ఆమెది రాళ్లగుట్ట. నీటిచుక్క నిలవదు, వేళ్లు బండల సందుల్లో పడి ఎక్కడికో దిగాలి. విడిగా ఆ వైను ఎవరూ తాగరు. ఈసారి ఆయన ఉమ్మలేదు. కళ్లు మూసుకుని గ్లాసు ఖాళీ చేశాడు.

"కుదిరింది. వందలో ఏటి ఒడ్డు యాభై అయిదు, కొండ నెత్తి ముప్ఫై అయిదు, నడికొండ పది."

"అయితే పెళ్లి ఎవరెవరికి?" అన్నాడు దోన్ సిక్స్తో.

పద్ధతి పద్ధతే. కూజాలో ఉన్నవాళ్లంతా ఇంట్లో ఉండాల్సిందే. పది పాళ్లంటే దోన్యా అసుంతా నెలకి మూడు రోజులు మా ఇంట్లో ఉండాలని దోన్ అబ్దోన్ తేల్చాడు.

"ఆ లెక్కన మా పిల్ల అక్కడ నెలకి పది రోజులుంటే చాలుగా," అన్నాడు దోన్ సిక్స్తో ఆశగా. ఎర్మిందా ఆయన వైపు చూసింది. ఆయన కూజాకి మూత వెయ్యడంలో పడ్డాడు.

కూజా పట్టుకుని నలుగురం నడికొండకి వెళ్లాం. దోన్యా అసుంతా మేకలకి నీళ్లు పెడుతోంది. డెబ్భై దాటిన మనిషి. అంతా విని బకెట్ కింద పెట్టింది.

"అంటే పెళ్లికూతురు నేనా?"

"కొంతవరకు," అన్నాడు దోన్ అబ్దోన్.

"ఎంతవరకు?"

"పది పాళ్లు."

"పొయ్యి పక్కన మీకు మంచం వేస్తాను దోన్యా అసుంతా. మీరు కాదంటే నాకు ఈమె లేదు," అన్నాను.

"పదకొండేళ్లయింది అబ్బాయ్ మా ఆయన పోయి," అంది ఆమె. "ఈ ఇంట్లో నేను వందకి వంద. మాట్లాడేదీ నేనే, వినేదీ నేనే. దగ్గితే ఏమైందని అడిగేదీ నేనే." ముక్కు చీదుకుంది. "పది చాలదు. పదిహేను చెయ్యండి."

"వైను చెడుతుంది. నేనొప్పుకోను," అన్నాడు దోన్ అబ్దోన్.

ఎర్మిందా దోన్యా అసుంతా గుమ్మంలో ఉన్న వైను జాడీ ఎత్తి, కొలత లేకుండా మా కూజాలోకి ఒంపింది. ఒక గుక్క తాగింది. మొహమంతా ముడుచుకుపోయింది.

"పదిహేను," అంది. "నా వాటాలోంచి తీసుకోండి."

దోన్యా అసుంతా లోపలికెళ్లి దుప్పటి మూటతో వచ్చింది. పెళ్లి వచ్చే నెలలో అని చెప్పబోయాను. ఆమె అప్పటికే తలుపుకి గొళ్లెం పెట్టేసింది.