డాక్టరుగారి ఎడమ మణికట్టు

గడియారాల మేస్త్రీ కుడిచేతి బొటనవేలు వంగితే తనంతట తాను లేవడం మానేసింది. బలవంతాన లేపితే టిక్కుమని లేచేది. దానితోపాటు ఆయన ప్రాణమూ లేచిపోయినంత పనయ్యేది. వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో పట్టుకోవలసిన వేలు అది. ఆ వేలు పోతే కొట్టు పోతుంది. కొట్టు పోతే మేస్త్రీ పగలంతా ఇంట్లోనే ఉంటాడు. ఈ చివరి పర్యవసానానికి ఆయనకంటె ఆయన భార్య ఎక్కువ బెదిరింది. అందుచేత ఆవిడే దగ్గరుండి ఆస్పత్రికి తీసుకువెళ్ళింది.

మొదటి డాక్టరు చేతి గడియారం ఏడు నిమిషాలు ముందుంది. మనిషి దానికంటె ముందున్నాడు. వేలు ఒక్కసారి వంచి చూసి, "శుక్రవారం కోసేద్దాం. పావుగంట పని," అన్నాడు.

"మందేమైనా వాడి చూస్తే..."

"నాన్చుడు నాకు పడదండీ. తర్వాతెవరు?"

రెండో డాక్టరు జేబులో మూడు పెన్నులున్నాయి, రెండు మొరాయించినా మూడోది ఆదుకుంటుందని. గడియారం మీద కొన్ననాటి ప్లాస్టిక్ పొర ఇంకా తీయలేదు. "తొందరేముంది? ఆర్నెల్లు చూద్దాం. తగ్గకపోతే ఇంకో ఆర్నెల్లు చూద్దాం."

"చూస్తూ కూర్చోడానికి ఇదేమన్నా సీరియలా డాక్టరుగారూ?" అంది భార్య.

బయటికొచ్చాక మేస్త్రీ నిట్టూర్చాడు. "ఇద్దరూ నా వేలు చూళ్ళేదే. ఎవరి తత్వం వాళ్ళు రాసిచ్చారు."

"మరి ఎవరి తత్వం వాడదామంటారు? శుక్రవారం ఎల్లుండే."

నలభై ఏళ్ళుగా మేస్త్రీకి ఒక పద్ధతి ఉంది. గడియారం విప్పేముందు, తెచ్చినవారి చెయ్యి చూసేవాడు. విసురుగా తిప్పే చెయ్యా, చెమట పట్టే చెయ్యా అన్నది తేలితే సగం లోపం అక్కడే దొరికేది. నొప్పి ధ్యాసలో పడి డాక్టర్ల గడియారాలే చూశాడు గాని చేతులు చూడలేదు. కోతకే సిద్ధపడి వెళ్ళిన శుక్రవారంనాడు, సంతకం పెట్టవలసిన కాగితాన్ని మొదటి డాక్టరు ముందుకు నెట్టినప్పుడు, చూశాడు.

"డాక్టరుగారూ, గడియారం ఈమధ్యే చెయ్యి మారినట్టుందే?"

"ఇక్కడ సంతకం పెట్టండి."

"ఎడమ మణికట్టు మీద తెల్లచార ఇంకా పోలేదు. కుడి బొటనవేలితో కీ ఇవ్వలేకేగా కుడిచేతికి మార్చారు?"

డాక్టరు కుడిచెయ్యి మెల్లగా బల్ల కిందికి జారింది. అక్కణ్ణుంచి టిక్కుమని చప్పుడు వినిపించింది. మేస్త్రీకి ఆ చప్పుడు సొంత చుట్టం పలకరించినట్టనిపించింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఎనిమిది నెలలు. గడియారం చెయ్యి మార్చి రెండు నెలలు."

"కోయించుకోలేదేం?"

"ఎలా కుదురుతుందండీ? నా పనంతా ఈ చేత్తోనే!"

"నేనేమన్నా కాలితో బాగుచేస్తున్నానా?"

"అది సరే," అంది భార్య, "ఆ చేత్తోనా మా ఆయన వేలు కొయ్యబోయింది?"

డాక్టరు ఆనాడు మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలాడు. సొరుగులోంచి, వేలు వంగకుండా ఆపే చిన్న పట్టీ తీసి బల్లమీద పెట్టాడు. "ఇది కట్టుకుంటున్నాను. పోయిన నెల ఒక ఇంజెక్షన్ వేయించుకున్నాను. సగం తగ్గింది."

"మరి నాకు చెప్పలేదేం?"

డాక్టరు నిజమే చెప్పాడు. "నా వేలైతే భయమేసింది. మీ వేలైతే విసుగేసింది."

తరువాత ఇరవై నిమిషాలు ఆయన మేస్త్రీ వేలును చూశాడు. పట్టకారు ఎలా పడతారో, ఎన్ని గంటలు పడతారో అడిగి పట్టించి చూశాడు. పట్టీ, ఒక ఇంజెక్షన్, పట్టకారు లావయ్యేలా దానికి గుడ్డ చుట్టడం. మూడు నెలల్లో తగ్గకపోతేనే కోత అని తేలింది.

మూడో నెలకి వేలు నోరు మూసుకుంది. అప్పుడు డాక్టరే కొట్టుకి వచ్చి గడియారం ఇచ్చాడు. "ఏడు నిమిషాలు ముందు నడుస్తోంది. విప్పి బాగుచెయ్యండి."

మేస్త్రీ దానిని రెండు రోజులు గోడకి తగిలించి ఉంచి, తిరిగి ఇచ్చేశాడు. "దీనికేం జబ్బు లేదండీ. రెండు రోజుల్లో ఒక్క నిమిషం కూడా ఎక్కువ పరుగెత్తలేదు. ముల్లు ముందుకి తిప్పుతున్నది మీరే."

"విప్పకుండానే ఎలా చెప్పారు?"

"మీ చెయ్యి ముందే చూశాగా."

డాక్టరు నవ్వి, గడియారాన్ని ఎడమచేతికి పెట్టుకుని, కుడి బొటనవేలితో కీ ఇచ్చాడు. ఇద్దరూ చెవులు రిక్కించారు. గడియారం తప్ప మరేదీ టిక్కుమనలేదు.